బల్లిపాటు, డాలరుపాటు

నేను ముప్పై మూడేళ్లు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. డాలరుతో పేచీ పెట్టుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆ మాటకొస్తే రూపాయితోనూ అంతంతమాత్రపు పరిచయమే. ఒకటో తారీఖున వచ్చి పలకరించి పదో తారీఖుకల్లా సెలవు తీసుకునేది. అలాంటివాణ్ని, 2022 ఆగస్టులో మా అబ్బాయి ఎమ్మెస్ చదువుకని డాలస్ విమానం ఎక్కిన మర్నాటి నుంచి, పొద్దున్నే పేపరు తీసి చావుకబుర్ల కన్నా ముందు డాలరు రేటు చూడడం మొదలుపెట్టాను. వాడు విమానం ఎక్కేనాటికి డాలరు 80కి అటూ ఇటూగా ఉంది. వాడక్కడ పప్పు మాడకుండా వండడం నేర్చుకునేలోపు, అక్టోబరులో, 83 ముట్టుకుంది.

సెమిస్టరుకు పన్నెండు వేల డాలర్ల ఫీజు. అంటే డాలరు ఒక్క రూపాయి పెరిగితే నాకు పన్నెండు వేలు. ఒక్క పైసా కదిలితే నూట ఇరవై. అమెరికాలో ఎవరో వడ్డీరేట్ల గురించి మాట్లాడదామని గొంతు సవరించుకుంటే రాజమండ్రిలో మా ఇంట్లో పప్పులో నెయ్యి తగ్గేది.

మా పై ఫ్లాటులో ఉండే కుర్రాడు నా పాత శిష్యుడే. ఇంటర్లో ఛందస్సు ప్రశ్నకు గణవిభజన చెయ్యమంటే ఆ జాగాలో కొండలూ లోయలూ గీసి సున్నా తెచ్చుకున్న ఘనుడు. ఆ కొండలూ లోయలే ఇప్పుడు ట్రేడింగు చార్టుల్లో వాడికి అన్నం పెడుతున్నాయి. ఒకరోజు లిఫ్టులో నా మొహం చూసి, "మాస్టారూ, డాలరు గురించి బెంగెందుకండీ? అది ఎటు పోతుందో చార్టులోనే ఉంటుంది. చదవడం రావాలంతే" అన్నాడు. నాకు చదవడం రాదని మొహం మీద చెప్పిన మొదటి విద్యార్థి వాడే. ఆ పౌరుషం మీదే నేర్చుకున్నాను.

చార్టు నిండా కొవ్వొత్తులు. ఒక్కో కొవ్వొత్తి ఒక్కో రోజు. పొద్దున మొదలైన ధరకూ సాయంత్రం ముగిసిన ధరకూ మధ్య లావుపాటి ఒళ్లు. మధ్యలో ఎగిరిన ఎత్తుకూ పడిన లోతుకూ పైనా కిందా వత్తులు. పెరిగిన రోజు ఆకుపచ్చ, తగ్గిన రోజు ఎరుపు. ఈ విద్యకు మూలపురుషుడిగా పద్ధెనిమిదో శతాబ్దపు జపాన్‌లో, సకాత ఊరి బియ్యం వర్తకుడు హోమ్మా మునేహిసను చెప్పుకుంటారు. బియ్యం ధరల నడకలో జనం భయాన్నీ ఆశనూ చదివేవాడట. స్టీవ్ నిసన్ అనే అమెరికన్ 1991లో పుస్తకం వేసి ఈ కొవ్వొత్తుల్ని ప్రపంచమంతా వెలిగించాడు. ఇదంతా ఉత్సాహంగా చెబితే మా ఆవిడ, "బియ్యం ధర కావాలంటే కొట్టుకెళ్లి అడిగితే చాలదుటండీ?" అంది. ఆవిడ ప్రశ్నలు ఎప్పుడూ సిలబస్‌లో ఉండవు.

కొవ్వొత్తుల్లో నన్ను ఎక్కువ తికమక పెట్టింది ఒకటుంది. పైన చిన్న ఒళ్లు, కింద పొడుగాటి వత్తి. ధర పడిపడి ఉన్న చోట అది కనిపిస్తే పేరు సుత్తి. ఇక పెరుగుతుందని అర్థం. ధర పెరిగిపెరిగి ఉన్న చోట అచ్చం అదే కనిపిస్తే పేరు ఉరేసిన మనిషి. ఇక పడుతుందని అర్థం. "బొమ్మ ఒకటే కదరా, అర్థాలు రెండేమిటి?" అన్నాను. "సందర్భం మాస్టారూ" అన్నాడు. సరే, ఒప్పుకున్నాను. పెళ్లిపందిట్లో ముందు వరసలో కూర్చున్న మేనమామా, అప్పడగడానికి గుమ్మంలో నిలబడ్డ మేనమామా ఒక్క మనిషే అయినా మనం లేచి ఎదురెళ్లే తీరు వేరు కదా.

తర్వాతిది హెడ్ అండ్ షోల్డర్స్. ధర ఒక గుట్ట ఎక్కి దిగితే ఎడమ భుజం. అంతకన్నా పెద్ద గుట్ట ఎక్కి దిగితే తల. మళ్లీ చిన్న గుట్ట ఎక్కి దిగితే కుడి భుజం. కంఠం దగ్గర గీసిన గీత తెగిందా, తల ఎంత ఎత్తుందో అంత లోతుకు ధర పడుతుంది. ఇది విన్నాక నాకు ఎక్కడో చదివినట్టే అనిపించింది. లోపలికెళ్లి పంచాంగం తెచ్చాను. ఉన్నది ఉన్నట్టు దొరికింది: బల్లిపాటు ఫలితాలు. తల మీద పడితే ఒక ఫలం, కుడి భుజం మీద పడితే ఒకటి, ఎడమ భుజం మీద పడితే ఇంకొకటి. మగవారికి ఒక పట్టిక, ఆడవారికి ఒక పట్టిక. పైగా మన శాస్త్రంలో పరిహారం కూడా ఉంది: కంచి బల్లిని తాకితే దోషం పోతుంది, తాకినవాళ్లను తాకినా సరిపెడతారు. వీళ్ల శాస్త్రంలో కంచి బల్లి పేరు స్టాప్‌లాస్. నష్టం ఇంతకు మించకూడదని ముందే ఒక ధర రాసి పెట్టుకోవడం. తేడా ఒక్కటే. కంచి వెళ్లొచ్చినవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. స్టాప్‌లాస్‌ను పెట్టిన చోటే ఉంచినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

పడే ధర ఆగుతుందనుకునే గీత సపోర్ట్, పెరిగే ధర ఆగుతుందనుకునే గీత రెసిస్టెన్స్. ఇవి గోదావరి పక్కన పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలు మనకు తెలుసు గానీ గోదావరికి తెలియవు. 2022 జూలైలో మూడూ దాటి పోయింది, ఎవర్నీ అడక్కుండా.

అసలు రుచి తగిలింది ఫిబొనాచీ దగ్గర. ధర పెరిగాక తగ్గడం మొదలెడితే, పెరిగినదాంట్లో 38.2 శాతమో 61.8 శాతమో తగ్గి ఆగుతుందని నమ్మకం. ఆ అంకెలు 1, 2, 3, 5, 8, 13 అనే వరసలోంచి వచ్చాయి. 1202లో ఫిబొనాచీ అనే ఇటలీవాడు పుస్తకంలో రాశాడని శిష్యుడు గర్వంగా చెప్పాడు. అప్పుడు లేచాను నేను, ముప్పై మూడేళ్ల సర్వీసుతో. "ఒరే, లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు ఎన్ని పుడతాయో చెప్పు." వాడు ఎప్పట్లాగే నేల చూపులు చూశాడు. "గగ, భ, జ, స, నల. ఐదు! కందపద్యంలో వచ్చేవి అవే. మూడు మాత్రలకు మూడు, ఐదు మాత్రలకు ఎనిమిది. ఆ ఇటలీవాడి కన్నా సుమారు యాభై ఏళ్ల ముందే మన హేమచంద్రుడు ఈ లెక్క రాసిపెట్టాడు, పద్యాల కోసం!" వాడు చేతులు జోడించాడు. "అయితే మాస్టారూ, డాలరు మీ సొంత మనిషే."

ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. కొంప ముంచింది కూడా అదే. ఇప్పుడు ఆలోచిస్తే, కందంలో ఆరో గణం నలమో జగణమో అయితీరాలి, పాతకాలం నుంచి ఇవాళ్టి దాకా తప్పించుకున్న కందం లేదు. 61.8 శాతం దగ్గర ఆగితీరాలని డాలరుకు అలాంటి లక్షణకారుడు ఎవడూ దొరకలేదు.

2023 జనవరిలో ఖాతా తెరిచాను. నేషనల్ స్టాక్ ఎక్స్చేంజిలో డాలరు-రూపాయి ఫ్యూచర్లు, అంటే రాబోయే ఒక తేదీకి డాలరు ధరను ఇవాళే కుదుర్చుకునే ఒప్పందాలు, 2008 ఆగస్టు నుంచీ ఉన్నాయి. ఒక లాట్ అంటే వెయ్యి డాలర్లు. ధర కదిలే కనీసపు మెట్టు పావు పైసా. అంటే మెట్టుకు రెండున్నర రూపాయలు. ప్రపంచం మొత్తమ్మీద కరెన్సీల బజారులో 2022 లెక్క ప్రకారం రోజుకు ఏడున్నర లక్షల కోట్ల డాలర్లు చేతులు మారేవి. అందులో నా వెయ్యి, గోదాట్లో ఉగ్గుగిన్నెడు నీళ్లు. సరిగ్గా ఆ నెలలోనే సెబీ ఒక లెక్క చెప్పింది: షేర్ల ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన మామూలు జనంలో నూటికి 89 మంది నష్టపోయారని. చదివి, అమ్మయ్య, మనది కరెన్సీ కదా అనుకున్నాను.

నా కర్మకు ఆ ఏడాది డాలరు కదలడం మానేసింది. 81కీ 83కీ మధ్య, ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మీద గేదెలా పడుకుంది. పెరగబోతే రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మి దించేది, తగ్గబోతే కొని నిలబెట్టేది. చార్టు నిండా డోజీలు; డోజీ అంటే ఎక్కడ మొదలైందో అక్కడే ముగిసిన రోజు, మా కాలేజీలో స్టాఫ్ మీటింగులాగా. 1978లో వైల్డర్ అనే ఇంజనీరు కనిపెట్టిన ఆర్‌ఎస్‌ఐ అనే సూచీ ఉంది: 70 దాటితే ధరకు అజీర్తి, 30 కిందికి పోతే నీరసం. నాది నెలల తరబడి యాభై. ఏ రోగమూ లేదు, ఏ కదలికా లేదు. కొనడానికి బ్రోకరుకు ఇరవై, అమ్మడానికి ఇరవై. ఆ నలభై రాబట్టాలంటేనే డాలరు నాలుగు పైసలు నాకు కావలసిన వైపు నడవాలి. జూన్ వరకూ నా నోటుపుస్తకంలో నికర లాభం పదకొండు రూపాయలు. బ్రోకరుకు వచ్చింది రెండు వేల పైచిలుకు. ఎవరు ట్రేడరో, ఎవరు గేదెను మేపినవాడో మీరే తేల్చుకోండి.

ఈ మధ్యలో ఒక యాప్ వాడు ఫోన్ చేసి, "సార్, రూపాయి ఎందుకు సార్, యూరో-డాలర్ చేద్దాం, పదివేలు పెడితే యాభై లక్షల సరుకు ఆడించొచ్చు" అన్నాడు. శిష్యుడు ఉలిక్కిపడ్డాడు. ఇలాంటి విదేశీ వేదికల్లో మనవాళ్లు ఆడితే విదేశీ మారకపు చట్టం ఫెమాను ఉల్లంఘించినట్టేనట. రిజర్వు బ్యాంకు 2022 నుంచీ హెచ్చరిక జాబితా పెడుతోంది. అందులో ఆ యాప్ పేరు ఉండనే ఉంది. నేను చేసిన తప్పుల జాబితాలో ఇదొక్కటి లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

జూలై వచ్చింది. డాలరు 82 దగ్గర ఉంది. ఆగస్టు మూడో వారంలోగా ఫీజు కట్టాలి. ఒక రాత్రి చార్టు మీద గీతలు గీస్తుంటే తళుక్కుమంది: ఎడమ భుజం, తల, కుడి భుజం! కంఠం తెగడానికి సిద్ధంగా ఉంది. లెక్క వేస్తే డాలరు 81.30కి పడాలి. శిష్యుణ్ని పిలిచి చూపించాను. వాడు తల అటూ ఇటూ తిప్పి చూసి, "కుడి భుజం కాస్త వాలినట్టుంది మాస్టారూ" అన్నాడు. "మా వయసువాళ్ల భుజం అలాగే ఉంటుందిరా" అన్నాను. డాలరు పడితే లాభమని ఒక లాట్ అమ్మేశాను. ఫీజు కట్టడం ఆపేశాను.

"డబ్బు చేతిలోనే ఉందిగా, కట్టేయకూడదుటండీ?" అంది మా ఆవిడ.

"81.30 రానీ."

రాలేదు. 82.30 దగ్గర స్టాప్‌లాస్ పెట్టాను. డాలరు దాని దాకా వచ్చేసరికి, పాపం ఊపిరాడదేమోనని 82.60కి జరిపాను. అక్కడికీ వచ్చింది. అప్పుడు పూర్తిగా తీసేశాను. కంచి దాకా వెళ్లి, బల్లి ముందు నిలబడి, చేతులు జేబులో పెట్టుకుని వచ్చేసినట్టు. ఆగస్టు మధ్యకు డాలరు 83 దాటింది. లాట్ మీద పోయింది పదకొండు వందలు. ఫీజు ఆపినందుకు పోయింది పదమూడు వేల రెండు వందలు. అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, రేపు ఆఖరి తేదీ, పోర్టల్లో ఎర్రగా చూపిస్తోంది" అన్నాడు. నాకూ ఎర్రగానే చూపిస్తోందిరా అనలేదు.

శిష్యుడు ఓదార్చడానికి స్విట్జర్లాండ్ కథ చెప్పాడు. యూరో 1.20 ఫ్రాంకుల కిందికి పోనివ్వమని వాళ్ల కేంద్ర బ్యాంకు 2011లో మాటిచ్చింది. మూడేళ్లకు పైగా చార్టులో అంత గట్టి సపోర్ట్ మరొకటి లేదు. 2015 జనవరి 15 పొద్దున బ్యాంకు ఆ మాట వెనక్కి తీసుకుంది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కిందికి పడింది. ట్రేడర్లే కాదు, బ్రోకరు కంపెనీలే మునిగాయి. పోయినవాళ్ల మధ్య పోవడంలో ఒక హుందాతనం ఉంటుందన్నట్టు వింటూ కూర్చున్నాను.

2024 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏప్రిల్లో బ్రోకరు నుంచి మెయిలు వచ్చింది: రూపాయి ఫ్యూచర్లు ఆడాలంటే మీకు నిజంగా విదేశీ మారకపు ఎక్స్‌పోజర్ ఉండాలి, లేకపోతే దుకాణం మూసుకోండి అని. అంటే డాలర్లు ఇవ్వవలసిన అవసరమో, పుచ్చుకోవలసిన అవసరమో ఉండాలి. పది కోట్ల డాలర్ల వరకూ పత్రాలు చూపించక్కర్లేదుట, కానీ ఉండి తీరాలిట. అప్పటికే జనం గగ్గోలు పెడితే గడువు మే 3కి జరిగింది. ఆ వారం దేశంలో చాలామంది ఖాతాలు ఖాళీ చేసుకున్నారు. నేను మాత్రం గర్వంగా మేడెక్కాను.

"ఒరే, నాకు ఎక్స్‌పోజర్ ఉందిరా! ఆరడుగుల ఎక్స్‌పోజర్, డాలస్‌లో అంట్లు తోముకుంటోంది."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. డాలర్లు కట్టాల్సినవాడు డాలరు ఫ్యూచర్ కొనాలి. అప్పుడు డాలరు పెరిగితే ఫీజులో పోయింది ఇక్కడ వస్తుంది. మీరు జూలైలో అమ్మారు" అన్నాడు.

ఏడాదిన్నర పాటు ఆ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు. చార్టు అసలే చెప్పలేదు. డాలరు పడాలని నాకుంది కాబట్టి పడే బొమ్మే కనపడింది. గణవిభజన రానివాడు నాకు వ్యాకరణం చెప్పిన రోజు అది. సున్నా వేసిన చేత్తోనే వాడికి కాఫీ ఇచ్చాను.

అబ్బాయి చదువు ఆ మే నెలలోనే అయిపోయింది. కట్టాల్సిన ఫీజు లేదు కనుక ఎక్స్‌పోజర్ కూడా పోయింది, ఖాతా మూసేశాను. డిసెంబరులో వాడికి ఉద్యోగం కుదిరింది. లోను తీర్చడానికి నెలనెలా ఐదొందల డాలర్లు పంపుతానన్నాడు. అదే వారం డాలరు 85 దాటింది. ఇంకొంచెం పెరిగితే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఊరికే చూద్దామని పాత చార్టు తెరిచాను. కనిపించింది. తలకిందులుగా ఉన్న హెడ్ అండ్ షోల్డర్స్: ఎడమ గుంట, పెద్ద గుంట, కుడి గుంట. ఇది కుదిరితే ధర పెరుగుతుందని శాస్త్రం.

మా ఆవిడ నా భుజం మీంచి వంగి చూసి, "ఆ గుంటలు నిన్నటిదాకా గుట్టలు కావుటండీ?" అంది.