ఈకోలో కాపురం

లాడ్జి అంటే మొహం చిట్లించే జాతి ఒకటి మన మధ్య తయారైంది. లాడ్జి దుప్పట్లు వాసనట, బాత్రూముకు గొళ్లెం పడదట, కౌంటర్లో కూర్చున్నవాడికి మర్యాద తెలీదట. నిజమే, కాదనను. కానీ దీనికి వాళ్లు కనిపెట్టిన మందు ఉందే, అది రోగం కంటే ఖరీదు. పాత మారుతి ఈకో ఒకటి పట్టు. వెనక సీట్లు పీకించు. ప్లైవుడ్డుతో మంచం కొట్టించు, దాని కింద సొరుగులు పెట్టించు. పరుపు, కర్టెన్లు, పెళ్లిపందిరికి కట్టే సీరియల్ బల్బులు. నెత్తిన సోలార్ పలక. క్యాంపర్ వ్యాన్ సిద్ధం! ఇక ఎక్కడైనా ఆగొచ్చు, ఎవరి మీదా ఆధారపడే పనే లేదు.

ఈ ఆఖరి రెండు ముక్కలూ ఊటీలోనో కొడైకెనాల్లోనో నిలబడి చెప్తే సరే, వినొచ్చు. మనవాళ్లు ఆ బండిని నేరుగా కర్నూలు, కడప వైపు తోలుకొస్తున్నారు. బెలుం గుహలు, యాగంటి, అహోబిలం, గండికోట, వీలైతే గువ్వలచెరువు ఘాట్. అదీ మే నెలలో. ఇదేం కాలం నాయనా అంటే పిల్లలకు సెలవులంటారు.

ముందు బండి సంగతి. మారుతి వ్యాన్ 1984లో వచ్చింది, 1988లో ఓమ్నీ అని పేరు మార్చుకుంది, 2019లో తయారీ ఆగిపోయింది. మన సినిమాల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపోవాలంటే విలన్‌కు అదే దిక్కు. పక్కకు జరిగే ఆ డోరును కంపెనీవాళ్లు అందుకే పెట్టారని చాలాకాలం అనుకున్నాం. 2010లో వచ్చిన ఈకో దానికి తమ్ముడు. ఈ అన్నదమ్ములిద్దరికీ ఇంజను ముందు బానెట్ కింద ఉండదు, సరిగ్గా ముందు సీట్ల కింద ఉంటుంది. పాల క్యాన్లను, బడిపిల్లలను, పెళ్లివాళ్లను మోసినన్నాళ్లు అదొక బాధ కాదు, దిగి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. ఇప్పుడు దాన్నే పడకగది చేశారు. కర్నూల్లో బయల్దేరి ఓర్వకల్లు, నంద్యాల, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి కింద ఇంజను కాగి ఉంటుంది, పైన రేకు కాగి ఉంటుంది. పొద్దు మునిగినంత మాత్రాన ఈ నేల చల్లారదు. ఇది నాపరాయి నేల, పగలు తాగిన ఎండను నడిరేయి దాకా కక్కుతూనే ఉంటుంది. ఆ బండిలో పడుకోవడమంటే బొరుగుల బట్టీలో పక్కేసుకోవడమే.

ఎండాకాలం ఇంటి లోపల పడుకునే అలవాటు ఈ సీమకు ఎప్పుడుంది? మూరెడు మందం గోడలు, మట్టిమిద్దె ఉన్నవాళ్లు కూడా మంచం వాకిట్లోకి లాక్కున్నారు, లేదంటే మిద్దెక్కి పడుకున్నారు. అలాంటిచోట మిల్లీమీటరు మందమైనా లేని రేకు డబ్బాలో దూరి, దోమలొస్తాయని అద్దాలెత్తి, ఎవరైనా చూస్తారని కర్టెన్లు దింపి, దానికి ప్రకృతి ఒడి అని పేరు పెడుతున్నారు.

వీళ్లు చూసి నేర్చుకున్నది చలిదేశాల బండిని. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 1950లో తన వ్యాన్ తెచ్చింది, మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే మరో జర్మన్ కంపెనీ అందులో మంచం, బీరువా అమర్చింది. అక్కడ ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొయ్యబారిపోతారు. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా చూసుకోవడం వాళ్ల అవసరం. ఆ ఏర్పాటును గీత తప్పకుండా దించుకొని, వెచ్చదనానికి ఏ కొరతా లేని నంద్యాలలో బిగించుకున్న తెలివి మాత్రం మనదే.

ఏసీ ఉంది కదా అంటారు. ఆ లెక్కా చూద్దాం. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే మొత్తం కలిపి 1200 వాట్ అవర్ల కరెంటు. ఇంట్లో పెట్టుకునే చిన్న ఏసీ కూడా ఏడెనిమిది వందల వాట్ల దాకా లాగుతుంది. రాత్రి పదింటికి వేస్తే పదకొండున్నరకు బ్యాటరీ పడుకుంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు. దాన్ని మళ్లీ నింపడానికి నెత్తినున్న వంద వాట్ల పలకకు రెండు మూడు రోజుల మంచి ఎండ కావాలి. మంచి ఎండకు మనకేం తక్కువ! గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఊరికే కాదు. చిక్కల్లా ఏమిటంటే పలకకు ఎండ కావాలి, దాని కింద మనిషికి నీడ కావాలి. చింతచెట్టు కింద ఆపితే బ్యాటరీ చస్తుంది, ఎండన ఆపితే యజమాని చస్తాడు. ఈ హంగులన్నిటిలో రాత్రంతా నిజంగా పనిచేసేది పాతిక వాట్ల చిన్న ఫ్యాను. దాన్ని లారీ డ్రైవర్లు ఏనాడో క్యాబిన్లో బిగించుకున్నారు. వాళ్లెవరూ దానికి వీడియో తీయలేదు.

ఇక వంటిల్లు. ఒక మహానుభావుడు బండిలో వంటగట్టు కోసం బేతంచెర్లలో నాపబండ కోయించాడు. నల్లగా నిగనిగలాడేట్టు పాలిష్ పట్టించి, అంచులు గుండ్రంగా తీయించాడు. చెక్క పెట్టొచ్చు కదా అంటే, “కడప బండ లేని వంటిల్లు వంటిల్లేనా?” అన్నాడు. ఇంటికైతే ఆ అభిమానం మంచిదే. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆయన బండి వెనక బంపరు నేలకు సాష్టాంగపడుతోంది. సరే, ఇంత చేసి ఆ బండ మీద ఏం వండుతున్నారు? రెండు నిమిషాల నూడుల్స్. పక్కన హోటల్లో ఉగ్గాని బాణలిలోంచి దిగుతోంది, పక్కనే బజ్జీలు నూనెలో తేలుతున్నాయి, కడపలో ఎర్రకారం పూసిన దోసె పిలుస్తోంది. వీళ్లు డోరు మూసుకొని ప్యాకెట్ చించుతారు. మూసిన బండిలో గ్యాస్ పొయ్యి వెలిగిస్తే గాలి విషమవుతుందని, ప్రాణం మీదికి వస్తుందని ఏ గ్యాస్ మెకానిక్కును అడిగినా చెప్తాడు. కానీ అడగరు. అడిగితే ఆధారపడ్డట్టు కదా.

“ఎక్కడైనా ఆగొచ్చు” అన్నదాని సంగతి. నల్లమలలో ఆగుతారా? రాత్రి తొమ్మిదైతే దోర్నాల దగ్గర శ్రీశైలం గేటు పడుతుంది. అది పులుల అభయారణ్యం, అక్కడ ఎక్కడైనా ఆగే హక్కు పులిది. యాగంటిలో ఆగుతారా? అగస్త్యుడి శాపం వల్ల అక్కడికి కాకులు రావంటారు. కోతులకు మాత్రం ఏ ఋషీ శాపం పెట్టలేదు. పక్కకు జరిగే డోరు తీయడం వాటికి నేర్పక్కర్లేదు, పరుపు మీద కూర్చొని అరటిపళ్లు తిని తొక్కలు అక్కడే వదులుతాయి. సరే, కడప రోడ్డెక్కి ఏదో మలుపులో ఆగారనుకుందాం. ఇక్కడి శేషాచలం, లంకమల అడవుల్లో ఎర్రచందనం ఉంది, దాన్ని దొంగతనంగా తరలించేవాళ్లున్నారు, వాళ్ల కోసం పోలీసులు, అటవీశాఖవాళ్లు రోడ్ల మీద కాపు కాస్తుంటారు. అర్ధరాత్రి, నిర్మానుష్యం, కర్టెన్లు దించిన వ్యాను, లోపల నేలకు అడుగున్నర ఎత్తున ప్లైవుడ్డు పెట్టె. టార్చిలైటు వేసినవాడు మొదట అడిగేది, “పరుపు ఎత్తు, కింద ఏముంది?” అనే. కింద సొరుగులో నూడుల్స్ ప్యాకెట్లున్నాయని రుజువయ్యేసరికి తెల్లారిపోతుంది.

చట్టం కూడా ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో అదే మాట గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మనవాడి బండిలో ఎన్ని మార్పులున్నాయో మీరే లెక్కపెట్టండి.

ఇవన్నీ తప్పించుకొని చివరికి ఏదో పల్లె బయట చేను గట్టున ఆపుతారు. మడవ కట్టడానికి పోతున్న రైతు ఆగుతాడు.

“ఎవురు సామీ? యాడ్నించి?”

“హైదరాబాద్ అన్నా. ఈ నైట్ ఇక్కడే.”

“ఈడేటికి? ఊర్లేకి రాండి. గుడికాడ అరుగుంది, కుళాయుంది, గాలొస్తాది.”

“వద్దన్నా, మాకు అన్నీ బండిలోనే ఉన్నాయి.”

“అన్నీ బండ్లోనే ఉంటే ఇంగ ఊర్లు తిరిగేదేటికప్పా?”

ఆ ప్రశ్నకు హైదరాబాదు అబ్బాయి నవ్వి డోరు వేసుకున్నాడు. పొద్దున్నే లేచి, ఎవరి మీదా ఆధారపడని ఆ కుటుంబం మొదట వెతికింది పెట్రోలు బంకు బాత్రూమును. రెండోది, ఇరవై లీటర్ల క్యాను నింపుకోవడానికి అదే బంకులో కుళాయిని.

డేరాలు వేసుకుంటూ ఈ దారిన పోయినవాళ్లు మనకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీకి పోయాడు. చూశారా, ఆయనా మే నెలే! తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం, అన్నీ ఆయన దారిలోవే. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటవాళ్లు, వెంట సుమారు వందమంది పరివారం. అంతటి హంగుతో కదిలిన మనిషి తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ రాసుకున్నదేమిటి? ఇక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది. ఎంత డేరా ఉన్నా ఊరు లేకపోతే పూట గడవదని ఆయనకు తెలుసు. పదిహేను నెలల పైచిలుకు తిరిగి క్షేమంగా ఇల్లు చేరాడు. ఆయనకు మూడేళ్ల ముందు సాక్షాత్తూ మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇదే సీమలో మకాంలు చేస్తూ తిరిగాడు. గవర్నరు మకాంలో దేనికి లోటుంటుంది? 1827 జూలై 6న పత్తికొండలో కలరా ఆయన్ను పట్టుకుపోయింది. నీళ్లతో వచ్చే రోగానికి హోదా తెలీదు. బంకు కుళాయి కింద క్యాను పట్టేవాళ్లకు ఆ నీళ్లెక్కడివో అడగాలన్న ఆలోచనైనా ఉండాలి.

ఇప్పటికీ ఈ జిల్లాల్లో బండిలో సంసారం పెట్టుకొని పోయేవాళ్లున్నారు. పంట చేతికి రాని ఏడు కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు పోయే కుటుంబాలను చూడండి. బొలెరో వెనక బియ్యం మూట, దాని మీద చాప, చాప మీద పిల్ల, పిల్ల ఒళ్లో గంపకింద మూసిన కోడి. సత్తు తపేలాలు సైడు కమ్మీకి తాడుతో కట్టి ఉంటాయి, గుంతలో పడ్డప్పుడల్లా మోగుతాయి. పిల్లల చదువు పోతోందని ప్రభుత్వం ఊళ్లో సీజనల్ హాస్టళ్లు తెరుస్తుంది, అయినా బండెక్కే పిల్లలు ఎక్కుతూనే ఉంటారు. జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి పడగానే వజ్రాలు దొరుకుతాయని వచ్చేవాళ్లు ఆటోల్లో, చెట్ల కింద, గుడి మండపాల్లో రోజుల తరబడి ఉంటారు. వీళ్లలో ఒక్కరి బండి వెనకా కొండలు, సూర్యుడు బొమ్మ వేసి “జీవితం ఒక ప్రయాణం” అన్న స్టిక్కరు లేదు. వాళ్లకు బండి దిగడం ముఖ్యం. మనవాడికి దిగకపోవడమే గొప్ప.

నేనేమీ బండిలో తిరగొద్దనడం లేదు. గండికోటలో పెన్న కోసిన ఆ ఎర్రటి లోయను తెల్లారుజామున చూడాల్సిందే, దాన్ని అమెరికా లోయ పేరుతో పిలవకుండా చూస్తే ఇంకా మంచిది. నవంబరు దాటాక, ఫిబ్రవరి లోపల పోండి. ఏ బండైనా సరే, సీట్లు సీట్లుగానే ఉండనివ్వండి. పైన క్యారియర్ మీద మడత మంచాలు, ఒక దోమతెర, నీళ్ల క్యాను, చాప, రగ్గు. ఊరి గుడి దగ్గరో, లారీలు ఆగే ధాబా దగ్గరో వేపచెట్టు కింద ఆపి, పడుకోవచ్చా అని అడగండి. పో అనేవాళ్లను ఈ జిల్లాల్లో వెతకాల్సిందే. లారీవాళ్లు ఆగేచోటే ఆగడంలో ఇంకో లాభం ఉంది, అక్కడ పంక్చరు షాపు కూడా ఉంటుంది.

ఇంత చెప్పినా ప్లైవుడ్డు కోసేవాళ్లు కోస్తూనే ఉంటారు. ఎందుకంటే అసలు ఆనందం బండి తయారు చేయడంలోనే ఉంది, తిరగడంలో కాదు. ఆర్నెల్లు కార్పెంటరు చుట్టూ, బ్యాటరీ షాపు చుట్టూ తిరుగుతారు. ఒక్క ఎండాకాలం ప్రయాణం అయ్యాక బండి అపార్టుమెంటు సెల్లారులో దుమ్ము పడుతుంది. తర్వాత అమ్మకానికి ఫోటోలు పెడతారు. మన నాపబండ మహానుభావుడి బండి చూడ్డానికి ఆదోని నుంచి ఒక టమోటా వ్యాపారి వచ్చాడు. ఈయన డోరు తీసి సోలార్ చూపించాడు, మంచం విప్పి చూపించాడు, వంటగట్టు మీద చెయ్యి రాసి చూపించాడు. వచ్చినాయన అంతా ఓపిగ్గా చూసి, కిందికి వంగి టైర్లు చూసి, లేచాడు.

“ఇవన్నీ పీకేసి ఇస్తే ఎంతకిస్తావు సామీ? పీక్కునే కూలి నువ్వే పెట్టుకోవాల.”