కామ్రీ బావగారు

న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసన్ పట్టణమున, ఓక్ ట్రీ రోడ్డునకు కూతవేటు దూరములో కాపురముండు మా అక్కయ్య భర్తగారిని ఆ చుట్టుపట్ల తెలుగువారెవరైనను పేరుపెట్టి పిలువగా నేను వినియుండలేదు. పెద్దలు కామ్రీగారందురు; పిల్లలు కామ్రీ అంకులందురు; బావమరదిని గనుక నేను కామ్రీ బావగారందును. ఈ బిరుదము ఏ తెలుగు సంఘమువారును శాలువ కప్పి ఇచ్చినది కాదు. 2006లో చదువు నిమిత్తము ఈ దేశమున దిగినది మొదలు మొన్నమొన్నటివఱకును ఆయన నడిపిన బండ్లన్నియు ఒరులు కొని, నడిపి, విసిగి, విడిచినవే యగుటయు, అందు కడపటి రెండును టొయోటా కామ్రీలే యగుటయు దీనికి కారణము. మొట్టమొదటిది మాత్రము నలుగురు విద్యార్థులు తలా మూడువందల డాలర్లు పోగుచేసి కొన్న హోండా సివిక్కు. అయిదవవాడు కూడ దొరకియుండినచో దానికి ద్రౌపది యని పేరుపెట్టియుందుమని బావగారిప్పటికిని నొచ్చుకొందురు.

కొత్తబండి యేల కొనరని అడిగినవారికి ఆయన చెప్పు సమాధానమొక చిన్న ఉపన్యాసము. "ఒరే అబ్బాయ్, కొత్తబండి షోరూము గడప దాటగానే దాని ఖరీదులో కొంత గాలిలో కలిసిపోతుంది. ఆ పోయేదేదో ముందువాడి జేబులోంచి పోనీ. మనం వెనకాల నింపాదిగా వెళ్ళి మిగతాది అనుభవిద్దాం" అని, ఎంగిలి విస్తరిని గూర్చి గాక మహాప్రసాదమును గూర్చి మాటాడుచున్నట్లు కన్నులరమోడ్చి చెప్పుదురు. ఇది బహిరంగముగా చెప్పు కారణము. లోపలి కారణము వేఱు. హెచ్-1బి వీసామీద నున్నవాడు, ఉద్యోగము పోయినయెడల 60 దినములలో మఱియొక కొలువు వెదకికొనుటయో, మూటముల్లె సర్దుకొనుటయో చేయవలసియుండగా, అయిదేండ్ల వాయిదాలమీద కొత్తబండిని తెచ్చి వాకిట కట్టివేసికొనుట ఎట్టి సాహసమో అనుభవించినవానికిగాని తెలియదు. "గ్రీన్ కార్డు రానీ, చూద్దాం" అని ఆయన మొదటిసారి అన్ననాటికి మా మేనకోడలికి పాలపండ్లూడలేదు; ఇప్పుడా పిల్ల పదునాఱేండ్లు నిండి తానే బండి నేర్చుకొనుచున్నది; నెలనెలా వెలువడు వీసా బులెటినును పరీక్షా ఫలితములవలె వెదకి పెదవి విఱచుట బావగారికింకను తప్పలేదు.

అయితే ఇన్నేండ్లు పాతబండ్లతో కాపురము చేసినందున ఆయనకొక విద్య పట్టువడినది. ఆయన తాతగారు తెనాలి ప్రాంతమున ఎడ్ల బేరమునకు పెట్టినది పేరట. సంతలో గిత్త పండ్లు పట్టి చూచి, సుడులు లెక్కించి, తోక యెత్తి, నాలుగడుగులు నడిపించి, పిమ్మట తుండుగుడ్డ క్రింద దళారి వ్రేళ్లు నొక్కి ధర తేల్చెడివారట. ఆ రక్తమే ఈయన యొంట ప్రవహించుచున్నది. హైదరాబాదునుండియో విజయవాడనుండియో క్రొత్తగా దిగిన కుఱ్ఱవాడెవడైనను పాతబండి కొనదలచినచో ముందీయన గుమ్మము త్రొక్కును. శనివారము ప్రొద్దున వానిని వెంటబెట్టుకొని బావగారు బయలుదేఱుదురు. వెళ్లినచోట మొదట బండిని చూడరు. అమ్మువాని వాకిలి చూతురు, నేలమీద నూనె మఱకలున్నవేమోయని. పిమ్మట జేబులోనుండి రాగిరంగు సెంటు నాణెమునొకదానిని తీసి, దానిమీది లింకనుగారిని తలక్రిందులుగా టైరు గాడిలో దింపుదురు: అధ్యక్షులవారి నడినెత్తి మునిగినచో టైరునకింకను ఆయువున్నట్లు, నడినెత్తి పైకి కనబడినచో తీఱినట్లు. ఇంజినులోని నూనెపుల్ల లాగి, వ్రేళ్లనడుమ రాచి, చారులో ఉప్పు తెలిసికొను ఇల్లాలివలె ముక్కునొద్ద పెట్టుకొందురు. అయస్కాంతపు ముక్కను తలుపులమీద ప్రాకించి, అది అంటుకొననిచోట ఇనుమునకు బదులు పుట్టీ యున్నదని తేల్చుదురు. కట్టకడపట మోకాళ్లమీద కూర్చుండి, కాళ్లక్రింది తివాచీనెత్తి వాసన చూతురు. 2012 అక్టోబరులో శాండీ తుపాను ఈ తీరమును ముంచిన పిమ్మట, నీట నానిన బండ్లెన్నియో ఒళ్లు తుడుచుకొని బొట్టు పెట్టుకొని అంగళ్లకెక్కినవనియు, ఎంత అత్తరు చల్లినను ఉప్పునీటిని తివాచీ మఱువదనియు ఆయన సిద్ధాంతము. ఇంత అయిన పిమ్మటగాని కార్‌ఫాక్స్ చిట్టా విప్పరు. "అది జాతకం రా, ఇది ఒళ్ళు. జాతకం రాయించుకోవచ్చు, కంపు రాయించుకోలేరు" అని ఆ కుఱ్ఱవానికి ఉపదేశింతురు. ధర విషయమున 1926లో పుట్టిన కెల్లీ బ్లూబుక్కు ఆయనకు పంచాంగము. అందున్నదానికి అయిదువందలు తక్కువకు తెగనిదే అమ్మువాని గుమ్మము దిగరు.

ఇట్టి పరీక్షలు గట్టెక్కి 2011లో ఆయన యింట కాలుమోపిన కామ్రీ మీటరుమీద 2,14,000 మైళ్లు చూపినప్పుడు నేనును దానిలోనుంటిని. భూగోళమును ఒకమాఱు చుట్టివచ్చుటకు 24,900 మైళ్లు చాలునట. ఆ లెక్కను బండి తొమ్మిదవ ప్రదక్షిణములో నున్నది. దాని వెనుక కుడివైపు తలుపు వెలుపలినుండిగాని తెఱవబడదు గనుక, ఆ సీటున కూర్చున్నవారెవరైనను పల్లకిలోని పెండ్లికూతురివలె ఎవరో వచ్చి తీయువఱకు ఓపికపట్టవలసినదే. ఇంజిను చూపించుకొమ్మను పసుపుపచ్చ దీపము అఖండ దీపమై ఎప్పుడును వెలుగుచుండును. దానికి సరిగా పైన బావగారు వేంకటేశ్వరస్వామి పటమునంటించి, స్వామి పాదములచెంత ఆ వెలుగును సార్థకము చేసిరి. రెండేండ్లకొకసారి రాష్ట్రమువారి తనిఖీ వచ్చినప్పుడు మాత్రము, ఆ దీపము వెలిగియున్నచో బండి తప్పును గనుక, మరమ్మతు చేయించి కొండెక్కింతురు. మఱుసటి మాసమునకది స్వామి సన్నిధిని మరల వెలుగును.

అట్టి మనుష్యుని నమ్మకము బీటవాఱినది 2021లో. మహమ్మారి వెనువెంటనే చిప్పులు కఱవై, కర్మాగారములు నిలిచి, ఏడాది వాడిన బండ్లు కొన్ని కొత్తబండ్లకంటె ఎక్కువ ధరకమ్ముడుపోయినవి. "ధర్మం తప్పింది" అని బావగారు రెండు పూటలు అన్నము సరిగా ముట్టలేదని అక్కయ్య ఫోనుచేసి చెప్పినది. అప్పటికైనను కొత్తది కొనిరా? లేదు. ఆదివారపు షికారు ప్రారంభించిరి. న్యూజెర్సీలో ఆదివారమునాడు బండ్లమ్మరాదని చట్టము. అంగళ్లు మూసియుండును, బండ్లు మాత్రము ఆరుబయట బారులు తీర్చియుండును, మీదపడు గుమాస్తాలుండరు. చేత కాఫీ ఫ్లాస్కుతో, చెఱువుగట్టున పంట చూచుకొను కాపువలె, ఆయన నాలుగేండ్లు ఆ వరుసలనడుమ తిరిగిరి. ఓక్లహోమా సెనేటరు మన్రోనీ పుణ్యమా యని 1958లో వచ్చిన చట్టముచే ప్రతి కొత్తబండి యద్దమునకును ధరవరలు అచ్చువేసి అంటింతురు. ఆ కాగితములు బావగారికి కంఠస్థములు. అంతకంటె ముఖ్యముగా అద్దపు మూలనుండు 17 అక్షరముల సంఖ్యను వంగి చదువుదురు. మొదటి అక్షరము జే అయినచో బండి జపానులో పుట్టినది. "కొంటే జే తోనే కొనాలి" అని ఆయన శపథము. చిక్కేమనగా, 1988 నుండి కామ్రీ కెంటకీ రాష్ట్రములోని జార్జిటౌనున తయారగుచున్నది. ఎన్ని ఆదివారములు వంగి చూచినను అచ్చట నాలుగంకెయే కనబడినది.

ఈ ముడిని విప్పినవారు అమెరికా ప్రభుత్వమువారు. దిగుమతి కార్లమీద 2025 ఏప్రిల్ 3 నుండి 25 శాతము సుంకమని ప్రకటన రాగానే జే అక్షరముమీద పిడుగుపడినట్లయినది. నాలుగంకెకు హఠాత్తుగా చతుర్వేదముల మహిమ వచ్చినది. కెంటకీ బండికాసుంకము లేకపోయినను, ధరలన్నియు పెఱుగునను భయము బావగారి ఆఫీసంతయు ప్రాకినది. ఇక ముహూర్తము. మార్చి 29 శనివారము అమావాస్య, పైగా సూర్యగ్రహణము. 30 విశ్వావసు నామ ఉగాది, దివ్యమైన దినము, కాని ఆదివారము, చట్టమొప్పదు. ఏప్రిల్ 1 మంగళవారము, అదిగాక లోకమంతయు ఒకరినొకరు వెఱ్ఱివాండ్రను చేయు రోజు. మిగిలినది 31 సోమవారము. కేలెండరులో సోమవారపు రాహుకాలము ఏడున్నరనుండి తొమ్మిది. అంగడి తలుపు తెఱచునది తొమ్మిది. నెలాఖరు గనుక గుమాస్తాలు లెక్క పూర్తిచేసికొను తొందరలోనుందురు. "చూశావుటోయ్, శాస్త్రమూ వ్యాపారమూ కలిసివచ్చిన ఘడియ" అని నన్ను వెంటబెట్టుకొనిపోయిరి.

పాపము, ఆయన విద్య అచ్చట దేనికిని కొఱగాలేదు. అలవాటు మానలేక లింకనుగారిని టైరులో దింపగా ఆయన గడ్డమువఱకు మునిగిరి. నూనెపుల్ల లాగినచో తేనెవలె మెఱయుచున్నది. అయస్కాంతము గీత పడునని బైటికి తీయలేదు. మోకాళ్లమీద కూర్చుండి తివాచీనెత్తి వాసన చూచినప్పుడు గుమాస్తా ఆయనవైపు గాక నావైపు చూచినాడు; నేను గోడమీది గడియారమువైపు చూచితిని. "ఏ వాసనా లేదురా" అనిన బావగారి గొంతులో సంతోషముకంటె దిగులే ఎక్కువగా నున్నట్లు నాకు తోచినది. బేరమునకు కూర్చున్నప్పుడు ఆ కుఱ్ఱవాడు మేనేజరునడిగి వత్తునని మూడుమాఱులు అద్దాల గదిలోనికి పోయి, మూడుమాఱులును, కట్నము విషయమున మగపెండ్లివారు మెత్తబడలేదని చెప్పు మధ్యవర్తి మొగముతో తిరిగివచ్చినాడు. చివరకు ధర 30,000 డాలర్లకు తెగినది, దానిమీద 6.625 శాతము అమ్మకపు పన్ను, 1,987 డాలర్ల 50 సెంట్లు. తరువాత కాగితముల గదిలో ఒక పెద్దమనిషి పొడిగింపు వారంటీ, రంగుకు లేపనము, టైర్లలో నైట్రోజను అని ఒక్కొక్కటిగా వడ్డింప మొదలుపెట్టగా, మా బావగారికి పోయిన ప్రాణము లేచివచ్చినది. ఆయన ఇంగ్లీషులో చెప్పినదానికి తెలుగిది: "అయ్యా, మనం పీల్చే గాలిలో నూటికి డెబ్బైఎనిమిది పాళ్ళు అదేగా! మిగతా ఇరవైరెండింటికేనా ఈ డబ్బు?" నైట్రోజను తప్పినది. ఇంటికి వచ్చుచు ఆయన మొత్తమును రూపాయలలోనికి మార్చిరి. ఖర్చును తాను దిగిననాటి 45 రూపాయల లెక్కనను, తెనాలికి ఫోనులో చెప్పుకొనుటకు నేటి లెక్కనను మార్చుట ఆయన పద్ధతి.

వాహన పూజకు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరాలయమునకు పోయితిమి. అర్చకులు పసుపు కుంకుమలతో ముందుభాగమున స్వస్తికము వ్రాయబోగా బావగారు చేయి అడ్డుపెట్టి, "స్వామీ, పసుపు పెయింటుకి పడదేమో" అని జేబులోనుండి చతురస్రముగా కత్తిరించిన ప్లాస్టిక్కు కాగితము తీసి అచ్చట అంటించిరి. ఇటువంటివారిని పెక్కుమందిని చూచినవారు కాబోలు, అర్చకులు మాటాడక ఆ కాగితముమీదనే వ్రాసిరి. నాలుగు చక్రములక్రిందను నాలుగు నిమ్మకాయలు పెట్టినారు. బండి కదలి అవి టప్పుమని చితుకగానే, తక్కినవారందఱు చేతులు జోడించియుండగా, బావగారొక్కరు బండి దిగి, వంగి, తడిగుడ్డతో చక్రములకంటిన రసమును తుడుచుచుండిరి. అక్కయ్య నావైపు తిరిగి, "పులుపు కదరా, పట్టేస్తుందని రాత్రంతా నిద్రపోలేదు" అన్నది.

ఆ సాయంకాలమే గరాజులోనున్న 23 కిలోల సూటుకేసులన్నియు ముందుగదిలోనికి చేరినవి; కొత్తబండి గరాజులోనికి పోయి, దానిమీద దుప్పటి పడినది. నడుపువాని ముందరి తెరమీద కర్మాగారమువారంటించిన పలుచని పొర నేటికిని తీయలేదు. వానలో బండిని బయటికి తీయరాదు. మంచులో రోడ్డుకు ఉప్పు చల్లుదురు గనుక అసలే తీయరాదు. ఓక్ ట్రీ రోడ్డు అంగళ్లముందు వాహనముల రాపిడి, పెద్ద బజారులయందు తోపుడుబండ్ల భయము. ఈ రాష్ట్రమున 1949 నుండి ఎవరి పెట్రోలు వారు పోసికొనరాదను నియమముండుటచే బంకుకుఱ్ఱవాడే గొట్టము పెట్టవలెను. వాని చేతినుండి బొట్టు జాఱునేమోయని బావగారు ప్రక్కనే నిలుచుందురు. ఆవకాయ జాడీగాని, పులిహోర డబ్బాగాని ఆ బండి యెక్కరాదు. ఒకనాడు నలుగురము ఎడము ఎడముగా, మోచేతులు ముడుచుకొని, పరీక్ష హాలులోవలె కూర్చుండగా మేనకోడలడిగినది: "నాన్నా, ఈ బండి మనదేనా, ఎవరిదైనా తెచ్చామా?"

పాతదానిని అమ్ముదురేమోయని కుఱ్ఱవాండ్రిద్దఱు వచ్చి అడిగిపోయిరి. ఆయన బ్లూబుక్కు ధరకు రెండువేలు ఎక్కువ చెప్పి పంపివేసిరి. ఆ ధరకు తానే కొననని ఆయనకు తెలియును. ఆఫీసునకు, ఆస్పత్రికి, అంగడికి, పిల్ల డ్రైవింగు నేర్చుకొనుటకు, మాబోటి బంధువులను నెవార్క్ విమానాశ్రయమునుండి దింపుకొనుటకు అదియే. మొన్న నన్ను తీసికొనివచ్చినప్పుడు వెనుక కుడివైపు సీటున కూర్చున్నాను. దిగవలసినప్పుడు ఆయనే వచ్చి తలుపు తీసిరి. ఆ మీద గరాజులోనికి పోయి దుప్పటి యెత్తి మీటరు చూచితిని. కొనిన పదిమాసములకు కొత్తబండి తిరిగినది 418 మైళ్లు. అదే పదిమాసములలో పాతబండి తిరిగినది 9,300.