అరకు మాస్టారు

కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే ఎవరో ఒకరు మీకు కథ చెబుతారు. వద్దన్నా చెబుతారు. పది నిమిషాలు నిలబడితే మా అరకు మాస్టారు వచ్చి, ఆ కథలో తప్పేముందో చెబుతారు. "కథదేముంది బ్రదర్, ఎవడైనా రాస్తాడు. క్యారెక్టరేదీ?" అంటారు. ఆ అడగడం చూస్తే, క్యారెక్టర్ని మనమే కాజేసి జేబులో పెట్టుకున్నామేమోనని చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

అసలు పేరు అడక్కండి. ఒకే ఒక్క సినిమాలో "కథా సహకారం" అని గుంపులో పడింది. అదీ జనం ఇంకా చీకట్లో సీట్లు తడుముకుంటుండగానే వెళ్ళిపోయింది.

చంకలో ఎప్పుడూ స్పైరల్ బైండింగ్ స్క్రిప్టు ఉంటుంది. నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీ నెత్తిన శ్రీరామ, లోపల 142 పేజీలు. పేజీకొక నిమిషం లెక్క. అమెరికాలో సిడ్ ఫీల్డ్ అనే ఆయన 1979లో స్క్రీన్‌ప్లే మీద పుస్తకం రాసి, 120 పేజీల స్క్రిప్టుని 30, 60, 30గా మూడు అంకాలకు వాటాలు వేశారు. అన్నదమ్ముల పొలంలా అన్నమాట. ఆ పుస్తకం జిరాక్సు మాస్టారి దగ్గరుంది, అట్ట మీద టీ గ్లాసు ముద్రలతో. సిడ్ ఫీల్డ్ అంటే ఆయనకి భక్తే గానీ ఒక్క ఫిర్యాదుంది. పాపం, ఆ మహానుభావుడికి ఇంటర్వెల్ తెలీదు. సమోసా కోసం లేవబోయే మనిషిని గుండెల మీద ఒక్కటి చరిచి మరీ పంపాలన్న సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

క్యారెక్టర్ పుట్టాలంటే దానికి అరవై ప్రశ్నలు వేయాలంటారు మాస్టారు. ఏం కావాలి, ఏమంటే భయం, అబద్ధమాడేటప్పుడు చేతులేం చేస్తాయి, అన్నంలో మొదట ఏం కలుపుకుంటాడు... ఈ ప్రశ్నలు కాగితం మీది మనుషులతో ఆగవు. టీ కొట్టు అక్కని కూడా అడిగారోసారి. "అక్కా, నీకు అన్నిటికన్నా భయం దేనికి?"

ఆవిడ పాలు పొంగకుండా మంట తగ్గించి, "మీ ఖాతాకే సారూ" అంది.

మాస్టారు నొచ్చుకోలేదు. "మరీ పైపైన చెప్పింది. లోపలి భయం బయటికి రాలేదు" అని నాకేసి తిరిగారు.

అలాగని ఆయన్ని తీసిపారేయకండి. పాఠం మొదలుపెడితే మాత్రం నిజంగా మాస్టారే. "1962లో విజయా వాళ్ళు గుండమ్మ కథ తీశారు. ఎన్టీఆర్ ఉన్నాడు, ఏఎన్నార్ ఉన్నాడు. సినిమాకి పేరెవరిది పెట్టారు? సూర్యకాంతం వేసిన గుండమ్మది! ఎందుకంటావ్? ఆవిడకేం కావాలో ఆవిడకి తెలుసు. సొంత కూతురికి గొప్ప సంబంధం రావాలి, సవతి కూతురి చేత చాకిరీ సాగాలి. ఆ ఇంట్లోకి పనివాడి వేషంలో ఎన్టీఆర్ని దింపారు. ఇక కథని నువ్వు తొయ్యక్కర్లేదు బ్రదర్, గుండమ్మే లాక్కుపోతుంది." ఈ మాటలంటున్నప్పుడు ఆయన గ్లాసులో టీ మీద మీగడ కట్టిపోతుంది. చూసుకోరు.

ఆయన సొంత హీరో కూడా తక్కువవాడు కాదు. పడవ తిరగబడి తమ్ముడు కళ్ళముందే మునిగిపోయినవాడు. నీళ్ళంటే భయం. పదేళ్ళుగా గోదావరి గట్టునే ఉంటూ చెంబు నీళ్ళతో స్నానం చేస్తాడే తప్ప రేవులోకి దిగడు. క్లైమాక్స్‌లో విలన్ కొడుకు నదిలో పడతాడు, చుట్టుపక్కల ఇంకెవరూ ఉండరు. దూకాలా, వద్దా? మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. అబద్ధమెందుకు చెప్పాలి. భయం దగ్గర మొదలై ఆ దూకడం దాకా హీరో మారే తీరునే మాస్టారు "ఆర్క్" అంటారు.

ఆ కథ విందామని భీమవరం వైపు నుంచి ఒక రొయ్యల చెరువులాయన వచ్చారు. సినిమా తీయాలని సరదా. యూసఫ్‌గూడలో హోటల్ గది, సిట్టింగు. మాస్టారు కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని మొదలుపెట్టారు.

"మన హీరోకి పెద్ద ఆర్క్ ఉందండీ."

"అరకాండీ? ఆయ్, బావుంటదండి. డిసెంబర్లో పెట్టుకుందాం, మంచు పడతది."

మాస్టారు రెండు క్షణాలు ఆగారు. నేను పక్కనే ఉన్నాను. ఆ రెండు క్షణాల్లో ఆయన మొహంలో సిడ్ ఫీల్డూ ఇంటద్దే కలియబడ్డారు. అద్దె గెలిచింది.

"అదేనండీ, అరకే" అన్నారు.

ఆ పేరు అప్పుడొచ్చిందే. ఇక మిగతాదంతా జారుడుబల్ల. "హీరోకి నీళ్ళంటే భయమేటండీ? మావి నలభై ఎకరాల చెరువులు. మావోళ్ళు చూస్తే నవ్విపోరూ?" అన్నారాయన. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ భయం హీరో దగ్గర్నుంచి కమెడియన్‌కి బదిలీ అయిపోయింది. నాలుగింటి టీకి, మునిగిపోయిన తమ్ముడు పైకి తేలి, ఈదుకుంటూ వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డాడు. సాయంత్రానికి గోదావరి ఎండిపోయి క్లైమాక్స్ బొర్రా గుహల్లోకి మారింది. గుండమ్మ పాఠం చెప్పిన నోటితోనే మాస్టారు ప్రతిదానికీ "అద్భుతమండీ, ఇది నాకు తట్టలేదు" అంటూ రాసుకున్నారు.

కిందికి దిగాక నా మొహం చూసి ఆయనే సర్దిచెప్పారు. "కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909కల్లా గురజాడ వారే దాన్ని దాదాపు మొత్తం తిరగరాశారు. ఆయనకే తప్పలేదు, నాది పదకొండో వెర్షన్, నేనెంత?"

"గురజాడ వారికి రొయ్యల చెరువులు అడ్డం రాలేదు కదండీ" అన్నాను.

వినపడనట్టు నడిచారు. కాసేపటికి, "అయినా బ్రదర్, లొకేషన్ కూడా ఒక క్యారెక్టరే" అన్నారు.

టోకెన్ అడ్వాన్సు 1,116 రూపాయలు. తిన్నగా టీ కొట్టుకి తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టారు. ఆవిడ నోటుబుక్కు తీసి, నాలుకతో వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, కొట్టేయాల్సింది కొట్టేసి, "ఇంకా ఐదొందల నలభై ఉంది సారూ" అని మళ్ళీ రెండు గ్లాసులు నింపింది.

మాస్టారు ఉషారుగా ఉన్నారు. "ఖాతా భయం కొంత తీరింది కదా. ఇప్పుడు చెప్పక్కా, లోపలి భయం ఏంటి?"

ఆవిడ గిన్నె తోముతూనే, తల ఎత్తకుండా అంది. "మీ సిన్మా ఆడ్తదేమోనని సారూ. ఆడితే మళ్ల ఇటు దిక్కు వస్తరా?"

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన పెన్ను తీశారు, స్క్రిప్టు తెరిచారు, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు.

"బావుందక్కా" అన్నారు చివరికి. "కానీ సెకండాఫ్‌లో చోటు లేదు."