అరుగు పోయిన కొంప

ఒరేయ్ మనవడా, ఆ ఫోను ఒక్క క్షణం కింద పెట్టు. వానెప్పుడొస్తుందని దాన్నా అడుగుతున్నావు? మా రోజుల్లో వీధరుగుని అడిగేవాళ్లం. రోహిణి కార్తెలో దాని మీద చెప్పుల్లేకుండా కాలు పెడితే బొబ్బలెక్కేది. రోళ్లు పగిలే ఎండంటే అదీ! ఆ రెండు వారాలూ తాటిముంజెలు తింటూ, విసనకర్ర ఊపుకుంటూ ఓర్చుకుంటే, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర రాగానే అరుగు చల్లబడేది. ఆ వెనకే కాలవకి నీళ్లొచ్చేవి. ఎండ ఎండలా, చలి చలిలా ఉండేది. ఇప్పుడు కార్తెలకి కూడా తిక్క పుట్టింది. భోగిమంట దగ్గర చెమటలు, ధాన్యం కళ్లంలో ఉండగా వాన.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన ఏ కార్తె చెప్పి వచ్చిందని అడుగుతావు, నాకు తెలుసు. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ రాత్రి గురించి మా అరుగు మీద ఏ పెద్దమనిషీ ముందు చెప్పలేకపోయాడు. ఇప్పుడైతే తుపానుకి బారసాల చేసి మరీ ముందే చెబుతున్నారు. సరే, ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. ఇంకేదీ ఒప్పుకోను.

రాజకీయాలా? అవీ అరుగు మీదే. పొద్దున సర్పంచి ఎన్నికలో చొక్కాలు చింపుకున్న ఇద్దరూ సాయంత్రం మా అరుగు మీద ఒకే నిప్పుతో చుట్టలు ముట్టించుకునేవాళ్లు. మధ్యలో కరణంగారు ఇద్దర్నీ ఎగదోస్తూ కూర్చునేవాడు. 1984లో కరణీకాలు పోయాయి. పీడ విరగడైందని మా నాన్న కొబ్బరికాయ కొట్టాడు. మూడు నెలలకి ‘తిట్టడానికి మనిషి లేకపోయాడురా’ అని బెంగపెట్టుకున్నాడు. సర్పంచి ఎన్నికకి పార్టీ గుర్తులుండవు. అయినా ఉంగరం ఏ పార్టీదో, కత్తెర ఏ పార్టీదో ఇప్పుడు పాలబుగ్గల పిల్లాడు కూడా చెబుతాడు. 2020 మార్చిలో కరోనా అని స్థానిక ఎన్నికలు ఆపారు గదా, మళ్లీ 2021 ఫిబ్రవరిలో పంచాయతీలకి ఓట్లు పెట్టారు. అందరి మూతులకీ మాస్కులే. దణ్ణం పెట్టినవాడు నవ్వుతున్నాడో, పళ్లు నూరుతున్నాడో తెలిసి చావలేదు.

రోగాలు మాకూ వచ్చాయి. మశూచి వస్తే అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. ఆ గడప ఎవడూ తొక్కేవాడు కాదు. టీవీలో చెప్పలేదు గానీ అదీ లాక్‌డౌనే. టీకాలవాడొచ్చాడంటే నేను గడ్డివాములో దూరాను. మా నాన్న కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. ఇదుగో, ఆ మచ్చ ఇంకా ఉంది. అంతటి వీరుణ్ని, 2021లో తెల్లారుజామున ఐదింటికే టీకా లైనులో అందరికంటే ముందు నిలబడ్డాను. నవ్వకు.

అసలు బాధ అది కాదు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన ఆ మొదటి 21 రోజులూ ఎదురింటాయనా నేనూ కిటికీల్లోంచి చేతులూపుకున్నాం. మా అరుగు మీద పులీమేకా గీతలు చెక్కి ఉండేవి. ఊహ తెలిసినప్పట్నుంచీ అక్కడే ఆడుకున్నాం. పన్నెండడుగుల అరుగు. ఈ కొసన ఆయన, ఆ కొసన నేను కూర్చుంటే సర్కారువాళ్లు చెప్పిన ఆరడుగుల దూరానికి రెట్టింపు. కరోనా రెండో విడతలో ఆయన వెళ్లిపోయాడు.

అరుగు ఏమైందంటావా? ఇంకెవడైనా పడగొట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ని. కారు పెట్టడానికి చోటు చాలక నేనే పడగొట్టించాను. ఆ కారు నెలకోసారి కూడా కదలదు.

సర్లే, ఆ ఫోను చూసి చెప్పు, సాయంత్రం వానుందంటోందా? మీ నాయనమ్మ కారు మీద వడియాలు ఎండబెట్టింది.