రెండంతస్తుల కేకు, ఒక సివిల్ ఇంజినీరు

ఉస్మానియాలో పీహెచ్‌డీ వైవా అంటే ఒకప్పుడు సమోసా, టీ. గైడుగారు ప్రసన్నంగా ఉంటే పక్కన మైసూరుపాకు ముక్క. ఇప్పుడు కేకు కోయందే డాక్టరేటు వచ్చినట్టు కాదట. మా మేనకోడలు ఇంకో మెట్టెక్కింది. "అత్తా, ఒక్క అంతస్తు కేకు అందరూ తెస్తారు. నాకు రెండంతస్తులు కావాలి. ముందువైపు ఆర్ట్స్ కాలేజీ కమాను ఉండాలి" అంది. అది మే నెల. మధ్యాహ్నం తార్నాక చౌరస్తాలో కాకి కూడా కనబడని ఎండ.

బేకరీలో చెప్పేస్తే పోయేది. ఈలోగా అంతస్తులనే మాట మా ఆయన చెవిన పడింది. ఆయన సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అప్పట్నుంచి ఇల్లు కట్టుకునే చుట్టాలెవరూ ఆయనకు ప్లాను చూపించడం లేదు, చూపిస్తే కట్టనివ్వరని. "వంట నీది, స్ట్రక్చర్ నాది" అని కళ్ళజోడు పెట్టుకున్నారు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పై కేకు బరువును కింది స్పాంజి మొయ్యలేదు. అందుకని కింది కేకులో నిలువునా పుల్లలు దించుతారు. వాటి మీద ఒక అట్ట, ఆ అట్ట మీద పై కేకు. బరువంతా పుల్లల మీదుగా పళ్ళెంలోకి దిగిపోతుంది, స్పాంజికి అసలు సంగతే తెలియదు. పుల్లలన్నీ ఒకే ఎత్తున ఉండాలి, అంతే. ఒక్కటి పొట్టిదైనా పై అంతస్తు అటు ఒరుగుతుంది.

కొంతమంది పుల్లలకు బదులు లావుపాటి స్ట్రాలు గుచ్చుతారు. 2022 జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించాక దొరికేవి కాగితంవి. అవి పాకం పీల్చుకుని మెత్తబడితే స్తంభాలే కేకులో కలిసిపోతాయని మా ఆయన భయం. చివరికి పార్శిల్ నూడుల్స్‌తో పాటు వచ్చి డ్రాయర్లో పడున్న చాప్‌స్టిక్స్‌ని వెలికితీశారు. మా ఇంట్లో వాటితో నూడుల్స్ తిన్నవాళ్ళు లేరు. వాటిని కడిగి, ఆరబెట్టి, రంపంతో సమంగా కోసి, టేపుతో కొలిచి, నా చేత మళ్ళీ కొలిపించారు. కాంక్రీటుకు బలం 28 రోజులకు గానీ తేల్చరు, మరి దీనికెంత టైముందని అడిగారు. రేపు పదకొండు గంటలకు వైవా అన్నాను.

"అందుకే మీ కేకులు కూలుతాయి" అన్నారు.

అసలు ఈ అంతస్తుల సరదాకి పెద్దింటి చరిత్ర ఉంది. 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్ళిలో కింది అంతస్తు మాత్రమే కేకు, పైవన్నీ చక్కెర కట్టడాలే. 1882లో ఆవిడ కొడుకు లియోపోల్డ్ పెళ్ళికొచ్చేసరికి గానీ అన్ని అంతస్తులూ తినే భాగ్యం అతిథులకు కలగలేదు. ఈ కథ చెప్పి, పై అంతస్తు థర్మకోల్‌ది పెడదామా అన్నాను. మా ఆయన నావైపు కల్తీ సిమెంటు కలిపిన కాంట్రాక్టరును చూసినట్టు చూశారు.

నా వాటాకొచ్చింది లోపలి సరుకు. బంగినపల్లి ముక్కలు పచ్చివే పరిస్తే నీరు వదిలి పొరలు జారతాయి. గుజ్జులో చక్కెర వేసి, గరిటె గీసిన దారి మూసుకుపోనంతగా దగ్గరపడనిచ్చి చల్లార్చాను. కేకు పొంగిన నెత్తిని పూలు కట్టే దారంతో తెగ్గోసి, పొర మీద పలచటి పాకం అద్దాను. అంచు చుట్టూ గట్టి క్రీముతో గట్టు కట్టాక, మధ్యలో గుజ్జు. గట్టు లేకపోతే పై బరువుకి మామిడంతా పక్కలకు తన్నుకొస్తుంది. తెగ్గోసిన నెత్తి ముక్కలు ఏమయ్యాయని అడిగితే, సైట్లో మిగిలిన మెటీరియల్ మేస్త్రీదే అని మా ఆయన మూతి తుడుచుకున్నారు.

క్రీము దగ్గర కాలనీ అంతా దిగింది. తార్నాకలో ఉన్న చిక్కే అది, ఏ తలుపు తట్టినా ఒక శాస్త్రవేత్త. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో రిటైరయిన పైఇంటి బాబాయిగారు గిన్నెలోకి తొంగిచూసి, వెన్న 35 డిగ్రీలు దాటకుండానే కరిగిపోతుంది, ఈ ఎండకి అది పనికిరాదు, ప్యాకెట్ క్రీమే వాడమన్నారు. అదీ ఫ్రీజర్లోంచి తీసి, ఇంకా ఐసు పలుకులు తగులుతుండగానే గిలక్కొట్టాలట. గాలిని కొవ్వు గోడల మధ్య ఎలా బంధిస్తామో ఆయన వివరిస్తుండగానే ఐసు పలుకులు కరిగిపోయాయి. గిన్నెతో సహా మళ్ళీ ఫ్రీజర్లో పెట్టాం. పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్‌లో పనిచేసిన ఎదురింటి వదినగారు మాత్రం చక్కెర డబ్బా వైపే చూస్తూ, "మనిషికి రోజుకి 25 గ్రాములు చాలమ్మా" అన్నారు. వెళ్ళేటప్పుడు తనకొక ముక్క దాచమని కూడా అన్నారు.

కమాను గీయడానికి కూర్చున్నప్పుడు నాకు నిజాం సర్కారు మీద గౌరవం పెరిగింది. ఆర్ట్స్ కాలేజీ కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఆర్కిటెక్టులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం నుంచి ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ని పిలిపించారు. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. నాకున్నది ఒక రాత్రి, ఒక పైపింగ్ బ్యాగు. ఆ గులాబీ గ్రానైటు రంగు రావాలంటే చుక్క ఎరుపులో ఇసుమంత కోకో పొడి పడాలి, లేకపోతే పీచుమిఠాయి రంగొస్తుంది. మా ఆయన పక్కన నిలబడి, కమానుకి కీస్టోన్ ఏదీ అన్నారు. అక్కడొక జీడిపప్పు అతికించాను. శాంతించారు.

పొద్దున్న రెండు కేకులూ రెండు డబ్బాల్లో వేరువేరుగా ఆటో ఎక్కాయి. "ప్రీకాస్ట్. సైట్ మీదే బిగింపు" అని మా ఆయన ఆజ్ఞ. క్యాంపస్‌లో స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి అడ్డుపెడుతుంటే ఆటో అబ్బాయి అద్దంలో చూసి, "పేషెంటా సార్?" అన్నాడు.

వైవా అయింది, చప్పట్లయ్యాయి. రెండో అంతస్తు ఒరక్కుండా నిలబడింది. అందరూ కమానుకి ఫొటోలు తీసుకున్నారు గానీ పుల్లల సంగతి ఒక్కరూ అడగలేదు. కోయడం అయ్యాక మా ఆయన ఒక పేపరు ప్లేటు పట్టుకుని పళ్ళాల మధ్య తిరుగుతున్నారు. ఎందుకండీ అన్నాను.

"ఆరు దించాం, అయిదే బయటికొచ్చాయి" అన్నారు గొంతు తగ్గించి.

గైడుగారు ఇంకా నములుతూనే ఉన్నారు.