అడ్మిషన్లు జరుగుచున్నవి (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

బోగోలు మండలంలో సముద్రం పక్కన జువ్వలదిన్నె. ఏటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ ఇళ్ల దగ్గరే దొరుకుతారు. ఈ రహస్యం ప్రైవేటు బళ్లకు బాగా తెలుసు. చుట్టుపక్కల పట్నాల నుంచి మోటారు సైకిళ్ల మీద కరపత్రాలు దిగే ఋతువు అదే. అట్లా దిగిన ఒక పత్రమే ప్రస్తుత గ్రంథం. కర్త పేరు ప్రతిలో పెద్దక్షరాలతోనే ఉన్నది గాని వ్యాఖ్యాత దాన్ని ఎత్తడు. ఏ బడి పత్రం తీసుకున్నా పాఠం ఒక్కటే, కర్తృత్వం వివాదాస్పదం.

మూలము

"విశాలమైన క్రీడా మైదానం. అనుభవజ్ఞులైన పీఈటీచే అన్ని క్రీడలలో శిక్షణ. 6వ తరగతి నుండే ఒలింపియాడ్. ఫీజులు మీ అందుబాటులో. అడ్మిషన్లు జరుగుచున్నవి. కొన్ని సీట్లు మాత్రమే కలవు."

ప్రతిపదార్థము

విశాలమైన = కొలత చెప్పనక్కరలేని; క్రీడా మైదానం = బస్సులు నిలుపు స్థలము.

2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండి తీరాలి. ఎన్ని గజాలు ఉండాలో మాత్రం అందులో లేదు. కర్త ప్రతిభ అంతా ఆ ఖాళీలో విహరించింది. కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలు. ఖోఖోకు 27, 16 కావాలి. నూరు మీటర్ల పరుగుకు నూరు మీటర్లు, ఆగేందుకు మరికొంత. చాలా బళ్లలో ఆ "మరికొంత" పనిని ప్రహరీగోడ చూసుకుంటుంది. ఇంకొక సూక్ష్మం: పగలంతా ఆ స్థలం ఖాళీగానే ఉంటుంది, ఎండ తప్ప అక్కడ ఎవరూ ఆడరు. ఆటల పీరియడు చివరి గంట. సరిగ్గా అప్పుడే పసుపు బస్సులు వెనక్కి వెనక్కి నడుస్తూ లోపలికి వస్తాయి. కాబట్టి మైదానమూ ఉన్నది, పీరియడూ ఉన్నది. రెండూ ఒకచోట కలవవు.

అనుభవజ్ఞులైన = అన్ని అనుభవాలూ పడిన; పీఈటీచే = ఒక్కరిచేత.

బహువచనం గౌరవార్థకమే గాని సంఖ్యావాచకం కాదు. ఈయన అనుభవం దేనిలో? ప్రార్థనలో వరుసలు సరిచేయడంలో, పిల్లల్ని బస్సు ఎక్కించడంలో, స్పోర్ట్స్ డేకి డ్రమ్ముల కవాతు నేర్పడంలో, లెక్కల సారు సెలవు పెడితే ఆ తరగతిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టడంలో. వేసవిలో అడ్మిషన్ల టార్గెట్టు కూడా ఆయన మీదే. మండుటెండలో ఈ పత్రాన్ని మన చేతిలో పెట్టి "ఒక్కసారి చదవండన్నా" అన్న మనిషి ఆయనే. ఆయన మీద వ్యాఖ్యాతకు ఏ కోపమూ లేదు. ఇన్ని పనుల మధ్య ఒక పిల్లకు దూకడం నేర్పే వేళ ఆయనకు ఎవరూ ఇవ్వలేదు.

అన్ని క్రీడలలో = ఏ ఒక్కదానిలోనూ అని చెప్పనివ్వకుండా.

శంక: మరి శనివారం పిల్లలు ఎర్ర, నీలి, ఆకుపచ్చ, పసుపు టీషర్టులు, తెల్లబూట్లు వేసుకొని పోతున్నారు గదా? సమాధానము: అవి బడిలో పిల్లల్ని జట్లుగా పంచిన హౌసుల రంగులు. ఆ బట్టలకు వేరే బిల్లు. వేషం క్రీడాకారునిదే, నాటకం మాత్రం మామూలు పాఠాలదే.

ఒలింపియాడ్ = బెంచీ మీదనుంచి లేవకుండా రాయు పరీక్ష.

పూర్వం గ్రీకులు ఆటల పండుగకూ పండుగకూ నడుమ నాలుగేళ్ల కాలాన్ని ఈ మాటతో లెక్కించేవారు. నెల్లూరు జిల్లాలో ఈ పదం లెక్కలకు, సైన్సుకు చెల్లుతుంది. చెల్లడంలో వింత లేదు. 1979లో నెల్లూరులో చిన్న కోచింగ్ సెంటరుగా మొదలైన నారాయణ విద్యాసంస్థలు దేశమంతా పాకాయి. ర్యాంకుల తర్కం ఇక్కడి నేలలోనే మొలిచింది. ఆ తర్కానికి మైదానం అంటే ఇంకా కట్టని తరగతి గది.

ఫీజులు = టర్మ్ ఫీజు మాత్రము; మీ అందుబాటులో = మా కరపత్రం మీకు అందినంత దూరములో.

ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం ఆగాలి. టర్మ్ ఫీజు వెనకాల పుస్తకాలు, యూనిఫాం, స్పోర్ట్స్ డ్రెస్, బస్సు వరుసగా దిగుతాయి. రాష్ట్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో జీవో 53 తెచ్చి, పంచాయతీ పరిధిలోని ప్రైవేటు బడికి ఏడాదికి ఐదో తరగతి వరకు 10,000 రూపాయలు, హైస్కూలుకు 12,000 అని గీత గీసింది. ఆ డిసెంబరులోనే హైకోర్టు దాన్ని కొట్టేసింది. గీత పోయింది, ఫీజు మిగిలింది. ఇక కాలదోషం చూడండి: బళ్లు తెరిచేది జూన్ రెండో వారం. మొదటి టర్మ్ కట్టమనేది అప్పుడే. బోటు సముద్రంలోకి పోయేది 15న. రెండు నెలలు రాబడి లేని ఇంటిని అదే వారంలో అడిగితే, చేతిలో ఉండేది నిషేధ కాలపు భృతి, 2025లో అది 20,000. బడికి పోయే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద తల్లి ఖాతాలో పడేది 13,000. చాలకపోతే చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్సు. ఆ అడ్వాన్సుకు రాబోయే వేటలో పట్టిన చేపను అతని ధరకే ఇవ్వాలి. ఫీజు అసలు లోతు అక్కడ ఉంది, రసీదు మీద కాదు.

కొన్ని సీట్లు మాత్రమే కలవు = అర్థవాదము. మీమాంసకుల మతంలో ఇది పని చేయించడానికే. నిజమా అని అడగరాదు.

పూర్వపక్షము

జువ్వలదిన్నె పాలెంలో ఒక తండ్రి సూటిగా అడిగాడు: "మా పాప పరుగులో ఎప్పుడూ ఫస్టే వస్తాది సార్. ఏ బడిలో వేస్తే పైకొస్తాది?"

దీనికి కరపత్రంలో జవాబు లేదు. విశాఖపట్నంలో ఉన్నది. అక్కడి హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేది. పోర్ట్ హైస్కూల్ కృష్ణలో చదువుతుండగా అక్కడి వ్యాయామ ఉపాధ్యాయులు ఆ పిల్ల కాళ్లలోని సత్తా పట్టుకున్నారు. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్స్ 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్. కాబట్టి వెల కట్టవలసింది మైదానం ఫొటోకు కాదు, చూసే కన్ను ఆ బడిలో ఉన్నదా అన్నదానికి. ఆ కన్ను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉంటే, పిల్లను అక్కడే ఉంచి మిగిలిన డబ్బుతో మంచి బూట్లు, సెలక్షన్లకు నెల్లూరు పోను రాను ఛార్జీలు పెట్టుకోవచ్చు. మరీ చురుకైన పిల్లయితే కడప క్రీడా పాఠశాలకు నాలుగో తరగతి ప్రవేశాల వేళ అప్లికేషను పెట్టాలి. అక్కడ ముందు పరుగు, గెంతు చూస్తారు. ప్రైవేటు బడి కూడదని వ్యాఖ్యాత మతం కాదు. ఆటల కోసమే అప్పు చేయదలిస్తే, అమ్ముతున్నది ఆటా, టీషర్టా తేల్చుకోవాలంటున్నాడు.

తాత్పర్యము

అయ్యా, అమ్మా, చెప్పాపెట్టకుండా ఒక సాయంత్రం నాలుగింటికి ఆ బడికి పోయి గేటు దగ్గర నిలబడండి. తొమ్మిదో తరగతి టైంటేబుల్ చూపమనండి. ఆరో తరగతిది కాదు; ఆటల పీరియడు తొమ్మిదిలోనే మాయమవుతుంది. పోయిన ఏడాది స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు ఎవరిని పంపారో పేర్లడగండి. మొదటి టర్మ్‌ను జూలై ఆఖరుకు జరపమనండి. వేట నిషేధం గురించి చెప్తే ఒప్పుకునే యాజమాన్యాలూ ఉంటాయి. ఏం కట్టినా రసీదు తీసుకోండి. అందులో "స్పోర్ట్స్" అని ఒక గీత కనిపిస్తే, అది దేనికని అక్కడే అడగండి.