రాయికెంత, రాయి చుట్టూ ఎంత

కిటికీ గట్టు మీద రాయి మార్చడానికి ఎంతవుతుందో అడిగి చూడండి. ఏ మేస్త్రీ రూపాయల్లో జవాబు చెప్పడు. "ఎంతవుద్ది సార్, చిన్న పని" అంటాడు. ఇంటి రిపేర్లలో చిన్న పని ఎంత పెద్దదో ఎరిగినవాణ్ణి కనుక, ఆ మాట వినపడగానే నేను బ్యాంకు పాస్‌బుక్కు ఎక్కడుందో వెతుక్కుంటాను.

మాది విజయవాడలో మా నాన్నగారు 1986లో కట్టించిన ఇల్లు. కిటికీలన్నిటికీ నల్లటి కడప రాయే. హాలు కిటికీ రాయి ఆయన దగ్గరుండి వేయించారు. రసమట్టంలో బుడగ వెంట్రుకవాసి కదలకుండా వేయించానని బతికినంత కాలం వచ్చిన చుట్టానికల్లా చెప్పుకున్నారు. వాననీళ్ళు కూడా ఆయన మాట నిలబెట్టడానికి దాని మీద కదలకుండా నిలబడేవి. నిజానికి ఆ రాయి బయటికి కాస్త వాటంగా ఉండాలి. అడుగున, అంచుకు దగ్గరగా ఒక సన్నటి గాడి ఉండాలి. గాడి ఉంటే నీటిబొట్టు అక్కడ తెగి కింద పడుతుంది. లేకపోతే రాయి పొట్టన పాక్కుంటూ వెళ్ళి గోడలో కాపురం పెడుతుంది. మా గోడ ఏటా వానాకాలం ఉబ్బేది, ఎండాకాలం పెచ్చులు రాల్చేది. అది చాలదన్నట్టు గ్రిల్లు కాళ్ళు కూడా ఆ రాయిలోకే దించారు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. రాయికి ఉబ్బడం చేతకాదు. ఇద్దరిలో ఎవరో ఒకరు సర్దుకోవాలి గనక రాయి పగిలింది.

పగిలిన రాయిని తీయాలంటే ముందు దాని మీదున్నవి తీయాలి. తొమ్మిదంగుళాల గోడ మందాన్ని మన తెలుగిళ్ళు వాడుకున్నంతగా ఏ బీరువానూ వాడుకోవు. దువ్వెన, కరెంటు బిల్లులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, అయిపోయాయో లేదో తేలని బ్యాటరీలు, మూత లేని బామ్ సీసా, ఒక శుభలేఖ. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మా ఆవిడ ఆ ఆస్తినంతా డైనింగ్ టేబుల్ మీదికి బదిలీ చేసింది. పని అయ్యేదాకా మా భోజనాలు నేల మీదే. కూర్చోవడం పెద్ద కష్టం కాదు, లేవడమే.

హైవే పక్క రాళ్ళ కొట్టుకి వెళ్ళాం. "తెల్లగా పాలరాయి వేసుకుందామండీ" అంది మా ఆవిడ. పాలరాయి సున్నపురాయి జాతిది. నిమ్మరసమో చింతపండు పులుసో పడితే దాని మెరుపు పోతుంది. కడప రాయీ తాండూరు బండా కూడా ఆ కులానివే. నిమ్మచెక్క ఎండని కిటికీ గట్టును నేనింతవరకూ చూడలేదు కనుక గ్రానైటే అనుకున్నాం. కొట్టాయన చీమకుర్తి గెలాక్సీ మీద నీళ్ళు చల్లి, చుక్కలు మెరిపించి, "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ సార్" అన్నాడు. మా రాయి కిటికీ దాటి ఎక్కడికీ పోదని చెప్పి, కరీంనగర్ ట్యాన్ బ్రౌన్ దగ్గర ఆగాను. చదరపు అడుగు 160.

కిటికీ ఐదడుగులు. గోడ తొమ్మిదంగుళాలు, లోపలికీ బయటికీ చెరో అంగుళమున్నర ముందుకు రావాలి, వెరసి వెడల్పు అడుగు. ఐదు చదరపు అడుగులు, 800 రూపాయలు. ఇంతేనా అన్నట్టు మా ఆవిడ వంక దర్జాగా చూశాను. ఆ దర్జా కొట్టు గుమ్మం దాటేలోపే కరిగింది. రెండు అంచులూ గుండ్రంగా తీసి పాలిష్ పెట్టడానికి 500, గాడికి 50, ట్రాలీ ఆటోకి 500.

ఇసుక కథ వేరు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితం, ఎత్తుడు కూలీ, రవాణా మాత్రం మనవి. లారీడు కావలసినవాడికి అది వరమే. నాకు కావలసింది రెండు గమేళాలు. రెండు గమేళాల ఉచితం ఎక్కడా దొరక్క, మూటగట్టిన ఇసుక 300 పెట్టి కొన్నాను. సిమెంటు బస్తా 400. వాడింది అడుగున నాలుగు తాపీలు. మిగతాది బస్తా ఆకారంలోనే గట్టిపడి వరండాలో కూర్చుంది, దాని మీద ఇప్పుడు తులసి కుండీ పెట్టాం.

మేస్త్రీ, అతని మనిషి కలిసి సుత్తీ ఉలీ ఎత్తారు. రాయితో పాటు దాని కింది పూతా, పక్క పూతా, బోర్డు దాకా ఉన్న వైరు గొట్టమూ లేచి వచ్చాయి. "ఎలాగూ కొడుతున్నాం కదా సార్, పక్కగది కిటికీ కూడా..." అన్నాడు మేస్త్రీ. "ఎలాగూ కొడుతున్నారు కదా, ఆ ఏసీ కన్నం కూడా..." అంది మా ఆవిడ. ఇంతలో మా బావమరిది వచ్చి, ఇంటి కిటికీలు లెక్కపెట్టి, ఏడున్నాయని తేల్చి, "వాస్తుకి సరిసంఖ్య ఉండాలి బావా. ఎలాగూ కొడుతున్నారు కదా, తూర్పున ఇంకోటి తీసేయండి" అన్నాడు. ఉన్నదాన్నొకటి మూసినా సరి అవుతుంది కదా అన్నాను. అది వంటింటిదైతే ఊరుకోనంది వాళ్ళక్క. కాఫీ తాగి వెళ్ళాడు. ఆ కాఫీని ఈ లెక్కలో కలపలేదు.

కూలి 4,000. గ్రిల్లు కోసి, మళ్ళీ అతికినందుకు వెల్డింగు అబ్బాయికి 1,500. రబ్బీసు ఎత్తి పారబోయడానికి 600. మొత్తం 8,650. ఇక్కడితో ఆగి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

కొత్త పూత మీద లప్పం పెట్టి, పెయింటరు ఒక అడుగు వెనక్కి వేసి గోడను చూశాడు. "అదే రంగు తెస్తాను సార్, అదే వయసు తేలేను" అన్నాడు. కవి కావలసినవాడు. ఆ మాటకి హాలంతా రంగు వేయించాల్సి వచ్చింది, 18,000. కొత్త రంగు పక్కన పాత కర్టెన్లు ముఖం చూపించలేకపోయాయి, 4,000. కూడితే 30,650. అందులో రాయి వాటా 800.

మీరు కూడా ఈ పని పెట్టుకుంటే మేస్త్రీని రాయి ధర అడగకండి. పూత, లప్పం, గ్రిల్లు, రబ్బీసు ఎవరి ఖాతాలోవో సుత్తి ఎత్తకముందే కాగితం మీద రాయించుకోండి. బావమరిదిని పని పూర్తయ్యాకే పిలవండి. వాటం సరిగ్గా ఉందో లేదో చెంబుడు నీళ్ళు పోసి చూడండి. మిగతా వాటికి మీ ఇష్టమొచ్చినంత గీచి గీచి బేరమాడండి గానీ, అడుగున గాడికి అడిగే ఆ యాభై మాత్రం నోరెత్తకుండా ఇచ్చేయండి.